వెళ్ళొస్తానని జపనీసులో

గురువారం సాయంత్రం పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలోకి బండి మీద వెళ్ళడం కష్టం. సాయిబాబా గుడికొచ్చే జనంతో సందులు నిండిపోతాయి. అందుకని అమీర్‌పేటలో నా క్లాసు అవగానే మెట్రో ఎక్కాను. ఒక్క స్టేషనే. భుజానికి నా సంచి, చేతిలో ఇంకొకరి లాప్‌టాప్.

మైత్రీవనం పక్క సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పద్నాలుగేళ్ళుగా లినక్స్ చెబుతున్నాను. మా పెద్దమ్మ కూతురు జపాన్‌లో ఏడేళ్ళు ఉండి వచ్చింది. ద్వారకాపురిలో తన ఫ్లాటు ముందుగదిలో పదిమందిని కూర్చోబెట్టుకుని జపనీసు చెబుతుంది. ఆ పదిమందిలో ఒక నర్సమ్మాయిది ఈ లాప్‌టాప్. ఖమ్మం దగ్గర పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. నర్సింగ్ పూర్తిచేసి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేస్తూ బల్కంపేట హాస్టల్లో ఉంటోంది. వాళ్ళన్న వాడి పక్కన పడేసిన మిషన్ ఇది. 2014 నాటిది, 4 జీబీ మెమరీ. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో కాలం చెల్లింది. విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్‌ని ఒప్పుకోదు. నేను హార్డ్‌డిస్క్ తీసి ఎస్సెస్డీ వేశాను, లినక్స్ మింట్ ఎక్కించాను, జపనీసు నేర్చుకోడానికి ఏమేం కావాలో అన్నీ పెట్టాను. సంతోషంగా తెచ్చాను. అమ్మాయి అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. అక్క తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

అక్క: దీనికి ఎన్నిరోజులు పట్టింది తమ్ముడూ?

నేను: మూడు సాయంత్రాలు.

అక్క: ఆ మూడు సాయంత్రాలూ ఈ పిల్ల నా దగ్గర కూర్చుంటే క్రియలకి ‘తె’ రూపం మొత్తం వచ్చేసేది. చూడు, ఇది ఫిబ్రవరి. జులై మొదటి ఆదివారం జపనీసు పరీక్ష, ఎన్4 స్థాయి. అందులో 180కి 90 రావాలి. అది అయ్యాక కైగొ పని కోసం, అంటే ముసలివాళ్ళని చూసుకునే పని కోసం, విడిగా ఇంకో భాషా పరీక్ష, నైపుణ్య పరీక్ష. 2019 ఏప్రిల్లో జపాన్ ఆ కొత్త వీసా పెట్టినప్పటి నుంచి మన నర్సులకి అదొక దారి అయింది. మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి జపనీసు నేర్పించి పంపుతోంది. దారి ఉంది, టైము లేదు. ఉన్న టైములో సగం కంప్యూటర్ సర్దుకోవడానికే పోతే ఎట్లా?

నేను: సర్దిన టైము నాది అక్కా, తనది కాదు.

అక్క: ఇవాళ నీది. రేపు ఏదో అప్‌డేట్ వచ్చి స్క్రీను నల్లగా అయితే? రాత్రి డ్యూటీ దిగి వచ్చిన పిల్ల పొద్దున్నే నీకు ఫోన్ చేయాలి. నువ్వు క్లాసులో ఉంటావు. అమీర్‌పేటలో ఏ షాపుకెళ్ళినా గంటలో విండోస్ ఎక్కించి ఇస్తారు. అందరికీ తెలిసింది, అందరూ వాడేది.

నేను: ఎక్కిస్తారు. లైసెన్సు లేనిది, ఇక ఏ రక్షణ అప్‌డేటూ రానిది. ఈ అమ్మాయి పాస్‌పోర్టు స్కాన్, సర్టిఫికెట్లు, రేపు అప్లికేషన్లు అన్నీ ఈ మిషన్లోనే ఉంటాయి. అట్లాంటి దాని మీద వాటిని పెట్టుకోమని నేను చెప్పలేను. ఇక నల్ల స్క్రీను సంగతి: నిజమే, ఎప్పుడో ఒకసారి వస్తుంది. నాకూ ఈ మూడు సాయంత్రాల్లో ఒకటి అట్లానే పోయింది. బ్రౌజర్లో చక్కగా టైపయిన జపనీసు ఒక ప్రోగ్రాంలో మాత్రం ఒక్క అక్షరం పడలేదు. టైపు చేసే పద్ధతి మార్చి, మిషన్ రీస్టార్ట్ చేసి, రెండు గంటలు కూర్చుంటే కుదిరింది.

అక్క: చూశావా మరి.

నేను: చూశాను. కానీ ఆ రెండు గంటలు ఒక్కసారికే. ఆ తర్వాత ఈ మిషన్ జపనీసు, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒకే కార్డు మీద రాయనిస్తుంది. నాకు కావలసింది అదే. అమ్మాయ్, నువ్వు ఇప్పటిదాకా ఫోన్లో నేర్చుకున్న ఆప్ ఒకసారి చూపించు.

అమ్మాయి ఫోన్ తీసింది. స్క్రీను మీద జపనీసు వాక్యం, కింద ఇంగ్లీషు ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని సరైన వరసలో పేర్చాలి. ఆమె రెండుసార్లు తప్పు పేర్చింది. మూడోసారి ఫోన్ గంట కొట్టినట్టు శబ్దం చేసి మెచ్చుకుంది.

నేను: అక్కా, ఇప్పుడు ఈమె పొరబడింది జపనీసులో కాదు, ఇంగ్లీషులో. జపనీసు వాక్యం చూడగానే అర్థమైంది. ‘నిన్న నేను కొన్న పుస్తకం’ అని మనం ఏ వరసలో అంటామో వాళ్ళూ ఆ వరసలోనే అంటారు. నిన్న, నేను, కొన్న, పుస్తకం. ఒక్క మాట అటూ ఇటూ జరపక్కర్లేదు. ఇంగ్లీషులో పుస్తకం ముందుకొస్తుంది, కొనడం వెనక్కి పోతుంది, నిన్న చివర పడుతుంది. తెలుగు పిల్ల తన ఇంటి పక్కింటికి వెళ్ళడానికి ఊరు చుట్టి రావలసి వస్తోంది.

అక్క: అది నాకు నువ్వు చెప్పాలా? ఒసాకాలో మొదటి నెలలో నాకు తెలిసింది. పొద్దున ఇంట్లోంచి బయటికి వెళ్ళే మనిషి ‘ఇత్తెకిమాసు’ అంటుంది. ‘వెళ్ళి వస్తాను’. లోపలున్న వాళ్ళు ‘ఇత్తెరష్షై’ అంటారు. ‘వెళ్ళి రా’. మన ఇళ్ళలో ‘వెళ్తాను’ అని ఊరుకుంటే తిడతారు కదా, ‘వెళ్ళొస్తాను’ అనమని. అక్కడా అంతే. మొదటిసారి విన్నప్పుడు గుమ్మంలో నిలబడిపోయాను.

నేను: మరి పిల్లలకి ఆ సంగతి చెబుతావా క్లాసులో?

అక్క: చెబుతాను. ‘తబెతె మిరు’ అంటే ‘తిని చూడడం’ అని చెబుతాను. చూడు అన్న మాట కళ్ళతో చూడ్డానికి కాదు, ప్రయత్నించడానికి వాడే భాషలు రెండూ. మా పాఠ్యపుస్తకం మిన్నా నొ నిహొంగొలో ఇది నలభయ్యో పాఠం. వేరేవాళ్ళకి గంట పడుతుంది, మనవాళ్ళకి ఐదు నిమిషాలు. ‘అన్నాడు’ ముందు మనం పెట్టే ‘అని’ వాళ్ళకి ‘తొ’. ‘వస్తానని అన్నాడు’ అంటే ఎక్కడ ఏది పెట్టాలో ఎవరూ అడగరు. ఇవన్నీ బోర్డు మీద రాస్తాను. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, మనిషి కావాలి.

నేను: నీ దగ్గరికి రాలేనివాళ్ళకి? ఆదిలాబాద్‌లోనో, శ్రీకాకుళంలోనో ఉన్న నర్సుకి?

అక్క: అందుకని ప్రతిదానికీ తెలుగు అతికిస్తావా? తమ్ముడూ, ఇక్కడే నాకు భయం. తెలుగు మంచి వంతెనే, సగం దూరం మోస్తుంది. మిగతా సగంలో నీళ్ళలో పడేస్తుంది. ‘అగెరు’ అంటే ఇవ్వడం. ‘కురెరు’ అన్నా ఇవ్వడమే. నేను ఇంకొకళ్ళకి ఇస్తే మొదటిది, ఇంకొకళ్ళు నాకిస్తే రెండోది. తెలుగులో రెండింటికీ ఒకే మాట. కార్డు వెనక ‘ఇచ్చు’ అని రాసుకున్న పిల్ల, ముసలాయనకి ‘నేను మీకు మందు కురెరు’ అంటుంది. ‘వ’, ‘గ’ అని కర్తకి తగిలించేవి రెండున్నాయి. తెలుగులో మనం ఏదీ తగిలించం. నీ తెలుగు కార్డు ఆ తేడా ఎట్లా చెబుతుంది?

నేను: ఒక్క మాటతో చెప్పదు. వాక్యంతో చెబుతుంది. ‘నాకు ఇచ్చారు’, ‘వాళ్ళకి ఇచ్చాను’ అని రెండు కార్డులు. అట్లా రాసుకోవాలంటే కార్డు నా చేతిలో ఉండాలి. ఫోన్ ఆప్‌లో వాళ్ళు రాసిందే ఉంటుంది, నేను ముట్టుకోలేను. అంకి అనే ఈ ప్రోగ్రాం ఉంది చూడు, దీన్ని డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన 2006లో, తాను జపనీసు నేర్చుకోడానికే రాసుకున్నాడు. పేరు కూడా జపనీసే.

అక్క: అంకి అంటే కంఠస్థం చేయడం.

నేను: అదే. మర్చిపోబోయే ముందు అడుగుతుంది. తెలిసింది అంటే నాలుగు రోజుల తర్వాత, మళ్ళీ తెలిసింది అంటే పది రోజుల తర్వాత, అట్లా దూరం జరుపుకుంటూ పోతుంది. తెలియలేదు అంటే వెంటనే మళ్ళీ వస్తుంది. లోపలి రాత అంతా బయటికే ఉంది, ఎవరైనా మార్చుకోవచ్చు. కార్డు వెనక తెలుగు రాస్తే వద్దనేవాడు లేడు. నిఘంటువు కూడా అట్లాంటిదే. ఆస్ట్రేలియా మొనాష్ యూనివర్సిటీలో జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టాడు. ఇప్పుడు రెండు లక్షలకి పైగా మాటలు. ఇంటర్నెట్ లేకపోయినా ఈ మిషన్లో తెరుచుకుంటుంది. దాంట్లో ఇంగ్లీషే కాదు, జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, డచ్, హంగేరియన్ అర్థాలు ఉన్నాయి. తెలుగు లేదు. హంగేరియన్ మాట్లాడేవాళ్ళకంటే మనం ఎన్ని రెట్లు ఎక్కువ! ఎవరూ మనల్ని ఆపలేదు అక్కా. మనం రాయలేదు, అంతే. నాకు బాధ అది.

అక్క కాసేపు మాట్లాడలేదు. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. నేను నమూనాకి చేసిన ముప్పై కార్డులు ఒక్కొక్కటే నొక్కుతూ చూసింది. పదకొండో పన్నెండో కార్డు దగ్గర ఆగి కళ్ళజోడు పైకి తోసుకుంది.

అక్క: ఇది ఎవరు రాశారు?

నేను: నేనే. ‘నవొసు’. బాగుచేయడం, సరిదిద్దడం.

అక్క: మాట సరే. అక్షరం చూడు. కింద ఏముంది?

నేను చూశాను. నాకు ఏమీ కనపడలేదు. అక్క కాగితం తీసుకుని అదే కాంజీ అక్షరం పెన్నుతో రాసింది. పైన చిన్న శిలువ, మధ్యలో కన్ను ఆకారం పెట్టె, చివరగా ఎడమపక్క నిలువుగీత కిందికి దిగి మూల తిరిగి కుడికి సాగింది. స్క్రీను మీద ఆ నిలువుగీత లేదు. పెట్టె కింద అడ్డగీత ఒకటి గీసి ఊరుకున్నట్టుంది.

అక్క: స్క్రీను మీదున్నది చైనావాళ్ళ రాత. జపాన్‌లో ఇట్లా రాస్తే అర్థం చేసుకుంటారు, కానీ తప్పు అంటారు. ఈ పిల్ల ఐదు నెలలు దీన్నే చూస్తే చేతికి ఇదే వస్తుంది. ముప్పై కార్డుల్లో ఎన్ని ఇట్లా ఉన్నాయో! నీ మిషన్‌కి తెలిసిందా? నీకు తెలిసిందా?

తెలియలేదు. ఆ క్షణం సిగ్గు పడ్డాను. ఫాంటు ఎంచుకోకుండా వదిలేసిన పొరపాటు పూర్తిగా నాది.

నేను: ఇది ఎందుకు జరిగిందో చెబుతాను. చైనా, జపాన్, కొరియా ముగ్గురూ వాడే అక్షరాలకి యూనికోడ్‌లో ఒకటే నంబరు ఇచ్చారు. ఆ నంబరుకి ఏ రూపం చూపించాలో ఫాంటు నిర్ణయిస్తుంది. మిషన్ భాష ఇంగ్లీషులో ఉంది కాబట్టి దానికి ఎవరి రూపం కావాలో తెలియలేదు. చేతికి దొరికింది చూపించింది. మనకీ కన్నడానికీ అక్షరాలు ఎంత దగ్గరో నీకు తెలుసు. తెలుగు ‘క’కి, కన్నడ ‘క’కి ఒకే నంబరు ఇచ్చి ఉంటే, ఈనాడు పేపరు ఎవరో ఒకరి కంప్యూటర్లో కన్నడ తలకట్లతో తెరుచుకునేది. మన అదృష్టం, మనకి విడివిడిగా ఇచ్చారు. వాళ్ళకి కలిపారు.

అక్క: కారణం బాగుంది. పిల్ల చేతికి మాత్రం తప్పే వచ్చేది.

నేను: అవును. నువ్వు చూడకపోతే వచ్చేది. ఒప్పుకుంటున్నాను.

కార్డుల అమరికలోకి వెళ్ళి ఫాంటు జపాన్ రూపానికి మార్చాను. ఒక్కచోట మారిస్తే ముప్పై కార్డులూ మారాయి. అక్క మళ్ళీ అన్నీ నొక్కుకుంటూ చూసింది. ‘నవొసు’లో నిలువుగీత దిగి, మూల తిరిగింది. తలాడించింది కానీ లాప్‌టాప్ తిరిగి ఇవ్వలేదు.

అక్క: ఇది ఏంటి? జపనీసు కింద తెలుగు లిపిలో ఉచ్చారణ రాశావు?

నేను: ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే దీర్ఘాలు పోతాయని. ‘ఒబసన్’ అంటే పిన్ని, అత్త. ‘ఒబాసన్’ అంటే నాయనమ్మ, అమ్మమ్మ. తెలుగులో ఒక్క దీర్ఘం పెడితే సరిపోయింది. ‘కిత’ అంటే వచ్చింది, ‘కిత్త’ అంటే కోసింది. మనకి ద్విత్వం చిన్నప్పటి నుంచి ఉన్నదే. ‘త్సు’ పలకలేక చాలామంది అవస్థ పడతారు. మన ‘చుక్క’లో ఉన్న ‘చు’ అదే కదా. పాత పుస్తకాల్లో చ మీద గుర్తు పెట్టి రాసేవాళ్ళు దానికోసమే.

అక్క: ఇదంతా చెవికి చెప్పు, బోర్డు మీద చెప్పు. కార్డు మీద వద్దు. కన్ను సోమరిది తమ్ముడూ. పక్కన తెలుగు కనిపిస్తే హిరగానా అక్షరాలు చదవదు. ఐదు నెలల తర్వాత పరీక్ష కాగితం మీద తెలుగు ఉండదు. ముందు పక్క జపనీసు ఒక్కటే. వెనక అర్థం తెలుగులో రాసుకోమను, నేను అడ్డు చెప్పను. ఉచ్చారణ మాత్రం తీసెయ్.

తీసేశాను. మూడు సాయంత్రాల్లో నేను ఎక్కువ ముచ్చటపడి చేసిన పని అదే. కానీ పదిహేనేళ్ళు పిల్లలకి చెప్పిన మనిషి మాట అది.

అక్క: ఇంకొకటి. రోజుకి ఎన్ని కొత్త మాటలు ఇస్తుంది ఇది?

నేను: మొదట 20 అని పెట్టి ఉంటుంది.

అక్క: అదే ముంచేది. నా దగ్గర ఇద్దరు పిల్లలు ఇట్లానే వాడి మానేశారు. మొదటి వారం హుషారు. వరసగా మూడు నైట్ డ్యూటీలు పడ్డాయి. తెరిస్తే నాలుగు వందల కార్డులు బాకీ. అప్పులవాడి మొహం చూసినట్టు భయపడి ఇక తెరవలేదు. ఎన్4కి ఇన్ని మాటలు అని 2010లో పరీక్ష మార్చినప్పటి నుంచి అధికారికంగా జాబితా లేదు. మేం టీచర్లం పదిహేను వందలు అని లెక్క వేసుకుంటాం. జులైకి నూట యాభై రోజులుంది. రోజుకి పది. పదికి మించితే నిద్ర మానుకోవాలి, ఈ పిల్లకి నిద్ర ఇప్పటికే లేదు.

నేను పది పెట్టాను. అమ్మాయి మొదటిసారి నోరు తెరిచింది.

అమ్మాయి: సార్, ఇది ఫోన్లో కూడా వస్తుందా?

నేను: వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఉచితం. మెట్రోలో నిలబడి తిరగేసుకోవచ్చు. కార్డు తయారుచేయడం మాత్రం ఇక్కడ చెయ్యి, రెండు చేతులతో కీబోర్డు మీద. ఎన్4 బదులు జపాన్ ఫౌండేషన్‌వాళ్ళ ఇంకో పరీక్ష రాసినా వీసాకి సరిపోతుంది. అది కంప్యూటర్ మీదే రాయాలి. కంప్యూటర్ అలవాటు ఎటు చూసినా పనికొస్తుంది.

టైపింగ్ చూపించాను. ఇంగ్లీషు కీల మీద శబ్దం కొడితే కింద గీతతో హిరగానా వస్తుంది. స్పేస్ నొక్కితే కాంజీగా మారుతుంది, మళ్ళీ నొక్కితే ఇంకో కాంజీ, సరైనది రాగానే ఎంటర్. ఈ పని చేసే మొజ్‌క్‌ని గూగుల్ 2010లో అందరికీ బయటపెట్టింది. తర్వాత ఒక కీ మార్చి తెలుగులోకి వచ్చాను. అమ్మాయి వేళ్ళు వెంటనే పరిగెత్తాయి. ఫోన్లో తెలుగు మెసేజ్‌లు అట్లానే కొడుతుందట.

నేను: అక్కా, ఒక విషయం చెప్పనా? లినక్స్‌లో తెలుగు టైపు చేయడానికి మేం ఏళ్ళుగా వాడుతున్నది ఎం17ఎన్ అనే లైబ్రరీ. పోతన, ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్, ఏ పద్ధతి ఎంచుకున్నా దాని మీదుగానే. అది రాసింది జపాన్‌లో ఏఐఎస్‌టీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో హందా కెనిచి, ఆయనతో పనిచేసినవాళ్ళు. వాళ్ళ భాష కంప్యూటర్లో పట్టడానికి పడ్డ పాట్లతో ఊరుకోలేదు. లోకంలో ఉన్న లిపులన్నీ పట్టాలని కూర్చున్నారు. అందులో మనదీ ఉంది. ఎక్కడో త్సుకుబాలో మన గుణింతాల గురించి ఆలోచించారు. నేను మొదటిసారి తెలిసినప్పుడు చాలాసేపు అదే తలుచుకున్నాను. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగు డెస్క్‌టాప్ తయారుచేసినా, నేను ఇవాళ ఈ కార్డు వెనక తెలుగు రాసినా, అట్లాంటివాళ్ళ పని మీద నిలబడే.

అక్క: అది బాగుంది. అది నాకు తెలియదు.

ఆమె స్వరం కొంచెం మెత్తబడింది. కానీ వెంటనే అమ్మాయి వైపు తిరిగి అడిగింది.

అక్క: అమ్మా, ‘అషి గ జుకిజుకి సురు’ అని ముసలమ్మ అంటే ఏం చేస్తావు?

అమ్మాయి: కాలు అని అర్థమైంది మేడమ్. జుకిజుకి రాలేదు మనకి.

అక్క: పుస్తకంలో రాలేదు. అక్కడ వార్డులో మొదటి రోజే వస్తుంది. తమ్ముడూ, నీ నిఘంటువులో చూడు.

చూశాను. ఇంగ్లీషులో ‘త్రాబింగ్ పెయిన్’ అని ఉంది.

అమ్మాయి: త్రాబింగ్ నర్సింగ్‌లో చదివాను సార్. కానీ పేషెంట్లు ఎవరూ అట్లా అనరు. మా నాయనమ్మ అయితే ‘సలుపుతోంది’ అంటది.

అక్క: అదే. సలపరం. జుకిజుకి అంటే సలపరం. ఆ ‘జు’ కూడా జున్నులో ‘జు’లాగా పలుకు. ఇంకా చెబుతా రాసుకో. సూదులు గుచ్చినట్టు చురుక్కు చురుక్కుమంటే చికుచికు. చర్మం చుర్రుచుర్రుమని మండితే హిరిహిరి. కళ్ళు గిర్రున తిరిగితే కురకుర. గుండె దడదడలాడితే దొకిదొకి. ఆకలి నకనకలాడితే పెకొపెకొ.

అమ్మాయి నవ్వింది. గబగబా టైపు చేయడం మొదలుపెట్టింది. తెలుగులో కార్డు వెనక ‘నకనక’ అని కొట్టి, ముందు పక్కకి వెళ్ళి ‘పెకొపెకొ’ కొట్టింది. నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పదేళ్ళ వయసులో నేర్చుకున్న మాట పక్కన ఇవాళ విన్న మాట కూర్చుంది. వాటి మధ్య ఇంగ్లీషు లేదు. ఈ మిషన్ మీద నేను పెట్టిన మూడు సాయంత్రాలూ ఆ ఒక్క కార్డు కోసమే అనిపించింది.

నేను: ఏ ఆప్‌లో దొరుకుతుంది అక్కా ఇది?

అక్క: ఎక్కడా దొరకదు. నొప్పి గురించి మాట్లాడేటప్పుడు ముసలివాళ్ళు పుస్తకం భాష మాట్లాడరు. నా ఇంటి ఓనరమ్మ ఎనభై రెండేళ్ళ మనిషి. ఆస్పత్రిలో డాక్టరు పది ప్రశ్నలు అడిగితే ఆవిడ ఒక్కటే చెప్పేది, ‘చికుచికు’ అని. అది అర్థమైతే చాలు. సరే. ఈ మాటల వరకు తెలుగులో రాయడమే సరైన పని. అగెరు, కురెరు లాంటివి మాత్రం నన్ను అడక్కుండా రాయొద్దు.

నేను: నువ్వే చూసి దిద్దు. ఈ కార్డుల కట్ట మొత్తం ఒక ఫైలుగా ఎవరికైనా పంపొచ్చు. నువ్వు దిద్దిన కైగొ మాటలు ఒక రెండు వందలు అయితే, శ్రీకాకుళం అమ్మాయి కూడా వాడుకుంటుంది.

అక్క: పంపుతావు. చదువుతుంది. ఎట్లా పలుకుతుంది? ‘అమె’ ఒక రకంగా ఎత్తి దించితే వాన, ఇంకో రకంగా అంటే మిఠాయి. కాగితం మీద కానా లిపిలో రాస్తే రెండూ ఒకటే కదా. నేను వాళ్ళ నోరు వినాలి, వాళ్ళు నా నోరు వినాలి. ఇరవై మంది విద్యార్థుల్లో పద్దెనిమిది మంది చదివి పాసయి, ఎయిర్‌పోర్టులో దిగి నోరు మెదపలేకపోయారు. నీ కార్డు ఎప్పుడైనా ‘మళ్ళీ అను, దీర్ఘం సరిపోలేదు’ అన్నదా?

నేను: అనదు. ఎప్పటికీ అనదు. వాళ్ళ నోరు వినడానికి నువ్వే కావాలి. కానీ నీ నోరు వాళ్ళు వినడం వరకు దీనికి చేతనవును.

కార్డు రాసే కిటికీలో మైకు బొమ్మ చూపించాను. నొక్కితే రికార్డవుతుంది, ఆ గొంతు కార్డుతోపాటే ఉంటుంది, తిప్పగానే వినిపిస్తుంది. అక్క ఆ బొమ్మ వైపు కాసేపు చూసింది. తర్వాత లేచి కిటికీ తలుపు వేసింది.

అక్క: ఫ్యాన్ ఆపు.

ఆపాను. ఆమె లాప్‌టాప్‌కి దగ్గరగా వంగి, క్లాసులో బోర్డు ముందు నిలబడినప్పటి గొంతుతో అంది, ‘ఒబాసన్’. కాస్త ఆగి, ‘ఒబాసన్ గ జుకిజుకి సురు తొ ఇత్తె ఇమాసు’. నాయనమ్మ సలుపుతోందని అంటోంది. సరిగ్గా ఆ చివర్లో గుడిలో హారతి గంటలు మొదలయ్యాయి. కిటికీ వేసి ఉన్నా లోపలికి వచ్చాయి.

అమ్మాయి తిప్పి వింది. అక్క గొంతు వెనక గంటలు సన్నగా వినిపిస్తున్నాయి. ‘బాగుంది మేడమ్, ఇట్లా ఉంచేయండి’ అంది.

‘కుదరదు’ అంది అక్క. ‘గంటల్లో దీర్ఘం కలిసిపోయింది. హారతి అయ్యాక మళ్ళీ చెబుతాను. అందాకా నువ్వు చెప్పు, నేను వింటాను.’